డబరాలో గ్రీన్ టీ

అందరికీ నమస్కారం. పొద్దున్నే డబరా గ్లాసులో ఫిల్టర్ కాఫీ తాగొచ్చిన చెన్నై తెలుగువాళ్ల ముందు గ్రీన్ టీ గురించి మాట్లాడమన్నారు. కాఫీ మానమని చెప్పను లెండి, నేనే మానలేదు.

మొన్న మా అపార్ట్‌మెంట్లో ఒక పిన్నిగారు ఆపి అడిగారు: "నెలరోజులుగా తాగుతున్నానమ్మా, అరకిలో కూడా తగ్గలేదేం?" తగ్గరు పిన్నిగారూ! కోక్రేన్ అనే సంస్థ పాత పరిశోధనలన్నీ జల్లెడపట్టి, దీనివల్ల తగ్గే బరువు లెక్కలోకి రానంత తక్కువని 2012లోనే తేల్చింది. డబ్బా మీద సన్ననడుము బొమ్మ మాత్రం అలాగే ఉంది.

మరి ఎందుకు తాగాలి? మన టీపొడీ గ్రీన్ టీ ఒకే జాతి మొక్క ఆకులు. కూనూరు వెళ్లినవాళ్లు తోటలు చూసే ఉంటారు. టీపొడికైతే ఆకు నలిపి, గాలి తగిలి రంగు మారేదాకా ఉంచుతారు. గ్రీన్ టీకి ఆ అవకాశం ఇవ్వకుండా ముందే ఆవిరి పడతారు, లేదా వేయిస్తారు. దాంతో ఆకులో సహజంగా ఉండే కాటెకిన్లనే పదార్థాలు ఎక్కువగా నిలుస్తాయి. ఆ వగరు చాలావరకు వాటిదే. ఇక దీని మేలు సంగతికొస్తే, జపాన్‌లోని ఒసాకి ప్రాంతంలో 40,530 మందిని ఏళ్లపాటు గమనించారు. రోజుకు ఐదు కప్పులకు తగ్గకుండా గ్రీన్ టీ తాగేవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లు తక్కువ. క్యాన్సర్ మరణాల్లో మాత్రం తేడా లేదు. 2006లో వచ్చిన ఈ ఫలితాల్లో మొదటి సగమే మనకు వాట్సాప్‌లో తిరుగుతుంది. పైగా వాళ్ల తిండి వేరు, మన తిండి వేరు.

నాకైతే మన ఇళ్లలో దీని అసలు లాభం చక్కెర దగ్గరే కనిపిస్తుంది. సాయంత్రం రెండు చెంచాల చక్కెర కాఫీ స్థానంలో ఇది తాగితే, రోజుకు ఎనిమిది పది గ్రాముల చక్కెర తప్పినట్టే. అందులో తేనె పోశారో, ఆ లెక్క గోవిందా.

మన టీలా మరగబెట్టకండి, చేదెక్కుతుంది. నీళ్లు మరిగాక దించి, రెండు మూడు నిమిషాలు ఆగి ఆకు వేయండి. మరో రెండు నిమిషాలకు వడకట్టేయండి. భోజనంతో పాటు వద్దు, ఆకుకూరల్లోని ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు తిండికీ దీనికీ కనీసం గంట ఎడం ఉంచాలి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగండి. గ్రీన్ టీ సారం మాత్రల జోలికి మాత్రం పోకండి, ఎక్కువ మోతాదులో అవి కాలేయానికి చేటు.

వెనక బల్లమీద ఫ్లాస్కు ఉంది, డబరాలూ ఉన్నాయి. చక్కెర తేలేదు.