నూటికెంత, ఎన్నాళ్ళకి: త్రైరాశికంతో వడ్డీ లెక్క

(గ్రంథాలయ వారోత్సవాల్లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వారోత్సవాల్లో ఒకరోజు ఏదైనా మాట్లాడమని లైబ్రేరియన్ గారు అడిగితే, లెక్కలైతే మాట్లాడతానన్నాను. హైస్కూల్లో ఇన్నేళ్ళూ నేను చెప్పింది అదే. ముందు వరుసలో పదో తరగతి పిల్లలున్నారు, వాళ్ళ వెనక పెన్షన్ తీసుకునే పెద్దలున్నారు, కిటికీ వైపు డ్వాక్రా అక్కచెల్లెళ్ళున్నారు. ఇవాళ్టి లెక్క అందరికీ పనికొచ్చేదే.

మా అక్క సంగతితో మొదలుపెడతాను. బావగారు పోయాక చేతికొచ్చిన డబ్బులో నాలుగున్నర లక్షలు తీసుకెళ్ళి 2015లో పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేసింది. అందరూ ఎంఐఎస్ అంటారే, అది. అప్పట్లో ఒక్కరి పేరు మీద అంతకు మించి వేయనిచ్చేవారు కాదు. రేటు 8.4 శాతం. నెలకు 3,150 రూపాయలు వచ్చేవి. పాలవాడికి, కరెంటు బిల్లుకి, బీపీ మాత్రలకి అందులోంచే సర్దుకునేది. 2020 చివర్లో అయిదేళ్ళ గడువు తీరింది. అదే నాలుగున్నర లక్షలు మళ్ళీ అక్కడే వేసింది. ఈసారి పాస్‌బుక్‌లో 2,475 పడింది.

వెంటనే ఫోన్ చేసింది. "ఒరేయ్, నా డబ్బు అంతే ఉంది కదా, 675 రూపాయలు ఏమైనట్టు?" ఆ గొంతులో టెన్షన్ నాకు తెలుస్తూనే ఉంది. నెలకు 675 అంటే ఆమెకు మాత్రల ఖర్చు.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, చించేసిన క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి ఆమె ముందు పెట్టాను. పెన్ను కూడా ఆమె చేతికే ఇచ్చాను. "8.4 శాతానికి 3,150 వచ్చింది. మరి ఒక్క శాతానికెంత?" 3,150ని 8.4తో భాగించింది. 375. అంటే ఆ నాలుగున్నర లక్షల మీద ఒక్కో శాతం నెలకు 375 రూపాయలు తెచ్చిపెడుతోంది. "ఇప్పుడు రేటు 6.6. మరి ఎంత రావాలి?" 375ని 6.6తో గుణించింది. సరిగ్గా 2,475. పాస్‌బుక్ పక్కన పెట్టుకుని రెండు అంకెలూ ఒకటికి రెండుసార్లు చూసుకుంది. ఆదాయం తగ్గిందన్న బాధ పోలేదు, పోదు కూడా. కానీ ఎక్కడో లెక్క తప్పిందన్న అనుమానం మాత్రం పోయింది. ఆ రాత్రి ఆమె నిద్రపోయింది. నాకు అదే చాలు.

ఇక్కడ మేం వాడింది అనుపాతం. రేటు ఎంత పెరిగితే ఆదాయం అంతకంత పెరుగుతుంది, ఎంత తగ్గితే అంతకంత తగ్గుతుంది. వేసిన అసలు పెరిగినా తగ్గినా అంతే, కాలం సంగతీ అంతే. బారువడ్డీ అంటేనే అది.

మన పెద్దవాళ్ళు దీన్ని త్రైరాశికం అనేవారు. 499లో ఆర్యభటుడు దీనికి సూత్రం చెప్పాడు. మూడు రాశులు: ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. తెలిసిన మొత్తం ప్రమాణం, దాని మీద వచ్చేది ఫలం, మనం అడిగేది ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం. నూటికి ఏడు వస్తే అయిదు వేలకెంత? ప్రమాణం 100, ఫలం 7, ఇచ్ఛ 5,000. జవాబు 350. మీ పుస్తకంలో అడ్డగుణకారం అని చేసేది ఇదే, పిల్లలూ. పాత పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. మొదటి రాశీ చివరి రాశీ ఒకే జాతివి కావాలి. అటు రూపాయలుంటే ఇటూ రూపాయలే, అటు నెలలుంటే ఇటూ నెలలే. వడ్డీ లెక్కలో ఎవరు ఎక్కడ మోసపోయినా, చూస్తే ఈ జాతి తప్పిన చోటే మోసపోయి ఉంటారు.

ఎలాగో చెబుతాను. బ్యాంకు, పోస్టాఫీసు చెప్పే శాతం సంవత్సరానికి. ఊళ్ళో అప్పు మాట వచ్చినప్పుడు "రెండు రూపాయల వడ్డీ" అంటామే, అది నూటికి, నెలకు. నెల అన్న మాట ఎవరూ పైకి అనరు, అందరికీ తెలిసిందే కదా అని. కానీ అందరికీ తెలియదమ్మా. ఒకావిడ నన్ను, "మాస్టారూ, పోస్టాఫీసులో ఏడున్నర ఇస్తున్నారు, రెండు రూపాయలకు అప్పు తెచ్చి అందులో వేస్తే లాభమే కదా" అని అడిగింది. ఏడున్నర కన్నా రెండు చిన్నదే. అయితే ఒకటి ఏడాదిది, ఇంకోటి నెలది. రెండు రూపాయలను పన్నెండుతో గుణిస్తే 24 శాతం. రూపాయి వడ్డీ 12 శాతం, రూపాయిన్నర 18. పావలా వడ్డీ అంటే 3 శాతం. సంఘాల్లో ఉన్నవాళ్ళకు ఆ మాట బాగా తెలుసు. ఇప్పుడు తిరగేసి చూడండి. ఆవిడ ఉజ్జాయింపుగా ఏడున్నర అన్న 7.4 శాతాన్ని పన్నెండుతో భాగిస్తే 0.6167. మన ఊరి భాషలో పోస్టాఫీసు ఇచ్చేది దాదాపు అరవై రెండు పైసల వడ్డీ. రెండు రూపాయలకు తెచ్చి అరవై రెండు పైసలకు ఇస్తామా? లక్ష మీద నెలకు 2,000 కట్టి, 617 తీసుకోవడం అవుతుంది. ఆవిడకు ఇదే వేళ్ళ మీద చూపించాను. వెంటనే మానుకుంది.

కాలం కూడా లెక్కలోకి వస్తే రాశులు అయిదవుతాయి. దాన్ని పంచరాశికం అన్నారు. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో ఇలాంటి లెక్కే ఉంది: నూటికి నెలకు అయిదు వడ్డీ అయితే, పదహారుకి ఏడాదికెంత? బోర్డు మీద రెండు వరుసలు రాస్తున్నాను. ఎడమన 100, ఒక నెల, 5. కుడిన 16, 12 నెలలు, కింద ఖాళీ. ఎడమ వైపున్న ఆ 5ని తెచ్చి కుడి ఖాళీలో పెట్టండి. కుడివన్నీ గుణిస్తే 960. ఎడమవి గుణిస్తే 100. భాగిస్తే 9.6. పదహారు మీద తొమ్మిదిన్నర పైచిలుకు వడ్డీ, అదీ ఏడాదిలో! అయిదు రూపాయల వడ్డీ అంటే 60 శాతం మరి. ఎనిమిది వందల డెబ్బై ఏళ్ళ నాటి లెక్కలోనూ వడ్డీని నూటికి, నెలకు అనే అడిగారు, చూడండి. ఆ అలవాటు ఇంకా మన నోట్లోనే ఉంది.

అక్క ఆ రోజు ఇంకో మాట అడిగింది. "మళ్ళీ 3,150 రావాలంటే ఎంత వేయాలిరా?" ఇక్కడ అనుపాతం తిరగబడుతుంది. రేటు తగ్గితే అదే ఆదాయానికి అసలు పెరగాలి. దీన్ని విలోమం అంటాం. 4,50,000ని 8.4తో గుణించి 6.6తో భాగించాం. 5,72,727 వచ్చింది. లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు అదనంగా కావాలన్నమాట. అంత డబ్బు ఆమె దగ్గర లేదు. ఉన్నా పరిమితి ఒప్పుకోదు. 2023 ఏప్రిల్‌లో గానీ ఆ పరిమితిని ఒక్కరికి 9 లక్షలకు, జాయింట్ ఖాతాకు 15 లక్షలకు పెంచలేదు. రిటైరయ్యే వాళ్ళు ఈ విలోమం లెక్క తప్పకుండా వేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. చేతిలో ఉన్న డబ్బుకు ఎంతొస్తుందని అందరం లెక్క వేస్తాం. రేటు ఒకటిన్నర తగ్గితే ఇల్లు ఎలా గడుస్తుందన్నది మాత్రం ముందుగా వేసుకునేవాళ్ళు తక్కువ.

ఇక ఈ లెక్క పనికిరాని చోటు కూడా చెప్పాలి. వచ్చిన వడ్డీని తీసుకోకుండా అసలులో కలిపేస్తే అది చక్రవడ్డీ. అక్కడ త్రైరాశికం నడవదు. జాతీయ పొదుపు పత్రం ఉంది, 2023 ఏప్రిల్ నుంచి 7.7 శాతం. పదివేలు వేస్తే ఏడాదికి 770, కాబట్టి అయిదేళ్ళకు 3,850 అనుకుంటాం. కానీ చేతికొచ్చేది 4,490. వడ్డీ మీద వడ్డీ 640 తెచ్చింది.

దీన్నే వెనక నుంచి చేస్తే బోల్తా పడతాం. కిసాన్ వికాస్ పత్రం 7.5 శాతం మీద 115 నెలల్లో రెట్టింపవుతుంది. 115 నెలలకు నూటికి నూరు, పన్నెండు నెలలకెంత? 10.43. "చూశారా, పదిన్నర శాతం పడుతోంది" అని ఎవరైనా అంటే, ఆ అంకెను బ్యాంకు చెప్పే శాతం పక్కన పెట్టకండి. అది చక్రవడ్డీని బారువడ్డీ కొలతతో కొలిచిన అంకె. నిజం రేటు 7.5 మాత్రమే.

అయితే మరీ పెద్ద మాటలు చెప్పేవాళ్ళను పట్టుకోవడానికి ఈ మోటు కొలతే చాలు. ఆరు నెలల్లో రెట్టింపు అన్నారనుకోండి. నూటికి నూరు ఆరు నెలల్లో, అంటే నెలకు 16 రూపాయల 67 పైసల వడ్డీ. మన ఊళ్ళో అయిదు రూపాయల వడ్డీ తీసుకునేవాణ్ణే నలుగురూ తిడతారు. దానికి మూడు రెట్లు పైగా మనకు ఇస్తానంటున్నవాడు, అంత ఏ వ్యాపారంలో సంపాదించి ఇస్తాడు? సంతకం పెట్టకముందే ఈ ఒక్క భాగారం చేయండి. దయచేసి చేయండి. చేయకుండా పోగొట్టుకున్న ఇళ్ళు నేను చూశాను, ఆ ఇళ్ళ పిల్లలు మా స్కూల్లోనే చదివారు.

అక్క ఖాతాకు 2025 చివర మళ్ళీ గడువు తీరింది. నేను వెళ్ళేసరికి మంచం మీద పాస్‌బుక్, పక్కన కాగితం ఉన్నాయి. కాగితం మీద మూడే అంకెలు రాసి ఉన్నాయి: 375, 7.4, 2,775. "ఇంతే కదా ఈసారి?" అంది.

అంతే అన్నాను.