బఠాణీల గ్రూపు, పన్నెండో మంగళవారం

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఏడు నెలలైంది వీడియో పెట్టి. "ఇండియా వెళ్ళిపోయారా సిస్టర్?", "వీసా ప్రాబ్లమా?" అని చాలామంది అడిగారు. ఒకావిడైతే "ఏంటి, మళ్ళీ విశేషమా?" అంది. విశేషమే గానీ ఆ విశేషం కాదు. నాకు బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చింది. ఇవాళ చివరి కీమో. అందుకే కెమెరా బయటికి తీశాను.

టైం ఉదయం ఆరున్నర. మేముండేది సియాటిల్ పక్కన బాథెల్‌లో, పాతవాళ్ళకి తెలుసు. బయట ఎప్పటిలాగే ముసురు. ఇదిగో మా ఫ్రీజర్ చూడండి, పచ్చి బఠాణీ ప్యాకెట్లు ఎన్నున్నాయో. మొత్తం ఎనిమిది. ఇవి కూరకి కాదండీ, చేతులకీ కాళ్ళకీ. ఎందుకో చెప్తాను, ముందు ఈ కూలర్ సర్దుకోనివ్వండి.

నా కథ గబగబా చెప్పేస్తాను. నలభై దాటిన ఆడవాళ్ళు రెండేళ్ళకోసారి మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, చేయించుకోవాలని ఇక్కడి ప్రివెంటివ్ టాస్క్ ఫోర్స్ అనే నిపుణుల బృందం 2024లో చెప్పింది. నాకు నలభై ఒకటి. "పిల్లల పరీక్షలు కానీ, సమ్మర్ రానీ" అనుకుంటూ వాయిదా వేశాను. చివరికి స్నానం చేస్తుంటే గడ్డ నా చేతికే తగిలింది. సర్జరీ అయింది, గడ్డ వరకే తీశారు. తర్వాత కీమో. ముందు ఏసీ అని నాలుగు డోసులు, రెండు వారాలకొకటి. మా నాన్నతో ఫోన్లో "రేపు ఏసీ మొదలు" అంటే, "చలేస్తుందేమో, దుప్పటి తీసుకెళ్ళమ్మా" అన్నారు. ఏసీ అంటే ఆడ్రియామైసిన్, సైక్లోఫాస్ఫమైడ్ నాన్నా అని చెప్పేసరికి ఫోన్ అమ్మకిచ్చేశారు. ఆ తర్వాత టాక్సాల్ అని ఇంకో కీమో మందు, వారానికొకటి చొప్పున పన్నెండు. ఇవాళ పన్నెండోది. వచ్చే నెలలో రేడియేషన్.

అమ్మ విజిటర్ వీసా మీద వచ్చింది. వస్తూ సూట్‌కేసులో ఏం తెచ్చిందో తెలుసా? తన పాత కాటన్ జాకెట్లు, ముందు హుక్కులవి. సర్జరీ తర్వాత చెయ్యి పైకి లేవదు, తల మీంచి వేసుకునేవి ఏవీ కుదరవు. ఇక్కడ ఆ పనికోసమే అమ్మే షర్టులు యాభై, అరవై డాలర్లు. మన అమ్మమ్మల జాకెట్లు దానికి సరిగ్గా సరిపోయాయి. మనమేమో ఫ్యాషనని హుక్కులన్నీ వీపు మీదకి మార్చుకున్నాం!

సరే, అసలు సంగతికొస్తాను. మొదటి ఏసీ అయిన పదిహేడో రోజున దిండు నిండా జుట్టు. ఊడేటప్పుడు మాడు నొప్పెడుతుందని నాకెవరూ చెప్పలేదు. ఆ రాత్రే మావారు ట్రిమ్మర్ తీశారు. అమ్మ పక్కన నిలబడి "తిరుపతిలో ఇచ్చామనుకో" అంది. మూడో ఏసీ తర్వాత ఒక శనివారం గుడికి వెళ్ళాను, గుండు మీద చున్నీ వేసుకుని. కనిపించినవాళ్ళందరూ ఒకటే ప్రశ్న: "తిరుపతి వెళ్ళొచ్చారా?" మొదటావిడకి అవునన్నాను. ఇక అక్కణ్ణుంచి ఆగలేదు. దర్శనానికి ఎంతసేపు పట్టింది? నాలుగు గంటలు. మూడు వందల టికెట్టా? ఆ, మూడు వందల టికెట్టే. ఎదురుగా ఆ స్వామినే పెట్టుకుని వరసగా అబద్ధాలు.

ప్రసాదం లైన్లో నా వెనకున్నావిడ నా మొహంలోకి కాసేపు చూసి, చెవి దగ్గరగా వచ్చి అంది: "తిరుపతిలో కనుబొమ్మలు తియ్యరు కదమ్మా."

పులిహోర ప్లేటు పట్టుకుని అలాగే ఉండిపోయాను. నా కనుబొమ్మలు అప్పటికి సగం రాలిపోయాయి. "ఏసీ ఎన్నోది?" అనడిగింది. మూడోదన్నాను. "నాది టాక్సాల్ తొమ్మిది" అంది. తల మీద చక్కగా జడ, జడలో పూలు. విగ్గని ఎవరూ పట్టలేరు. చెప్పుల స్టాండ్ దగ్గర గంటసేపు మాట్లాడుకున్నాం. ఆవిడది రాజమండ్రి. పేరు చెప్పొద్దంది కాబట్టి నాకు "అక్క", మీకూ అక్కే.

అక్కకి ఒకవైపు రొమ్ము మొత్తం తీసేశారు. ఇంట్లో నలుగురికి తప్ప బయట ఎవరికీ తెలీదు. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. తల్లికి ఈ జబ్బంటే పిల్లకీ వస్తుందంటారని భయం. నిజానికి పుట్టుకతో వచ్చే జన్యు మార్పు వల్ల వచ్చేవి నూటికి ఐదు నుంచి పది కేసులే. అక్క ఆ టెస్ట్ చేయించుకుంది కూడా, ఏమీ లేదని వచ్చింది. అయినా ఆ రిపోర్టు పట్టుకుని వెళ్ళి పెళ్ళివారికి చూపించలేం కదా అంటుంది. అక్క దాచిపెట్టడం మొదట నాకు నచ్చలేదు. తర్వాత నా మూడు వందల టికెట్టు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మన ఇళ్ళలో ఈ మాట పైకి అనం. నా చిన్నప్పుడు మా మేనత్త పోతే "ఆ జబ్బు" అన్నారంతే. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ వైపు వెళ్ళినప్పుడల్లా బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి బోర్డు చూసేవాళ్ళం. ఎన్టీఆర్ గారి భార్య క్యాన్సర్‌తో పోయారు, ఆవిడ పేరు మీద కట్టిన ఆసుపత్రి, 2000లో మొదలైంది. ఆటోలో కూర్చుని ఆ బోర్డు పైకి చదివితే అమ్మ "ష్" అనేది. అదే అమ్మ ఇప్పుడు మా వంటింట్లో నిలబడి "దానికి న్యూట్రోఫిల్స్ పడిపోయాయి, అవి ఒకరకం తెల్ల రక్తకణాలు" అని వైజాగ్‌లో ఉన్న పిన్నికి ఫోన్లో క్లాసు తీసుకుంటోంది.

నాలుగో ఏసీ అయిన తొమ్మిదో రోజు. రాత్రి ఒంటిగంటకి ఒళ్ళు కాలిపోతోంది. చూస్తే 100.6. పిల్లలు నిద్రలో ఉన్నారు, ఒక టైలెనాల్, అదే మన పారాసిటమాల్, వేసుకుని పొద్దున్న చూద్దామనుకున్నాను. ఎందుకో అక్కకి మెసేజ్ పెట్టాను. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ వల్ల ఆవిడకీ నిద్ర ఉండదు, అర్ధరాత్రి పోపుల డబ్బాలు కడుక్కుంటూ ఉంటుంది. వెంటనే ఫోన్. "టైలెనాల్ ముట్టుకోకు. జ్వరం దాక్కుంటుంది. 100.4 దాటితే ఫోన్ చెయ్యమని నీకిచ్చిన కార్డు ఉంటుంది చూడు, ఫ్రిజ్ మీద అంటించమన్నాను కదా, అంటించావా?" అంటించలేదు. కార్డు దొరికేదాకా ఫోన్ పెట్టలేదు ఆవిడ. నర్సు వెంటనే ఎమర్జెన్సీకి రమ్మంది. వెళ్ళేసరికి తెల్ల రక్తకణాలు అడుగంటాయి. మూడు రాత్రులు యాంటీబయాటిక్స్ ఎక్కించారు. ఇంకో ఆరు గంటలు ఆగి ఉంటే ఎలా ఉండేదో డాక్టర్ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కీమోలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది వింటుంటే, మిగతా వీడియో చూడకపోయినా పర్లేదు, ఆ కార్డు ఫ్రిజ్ మీద అంటించుకుని రండి.

బయల్దేరాం. మావారు డ్రైవింగ్, నేను వెనక సీట్లో కూలర్‌తో. ఈ బఠాణీలు కూడా అక్క చెప్పినవే. టాక్సాల్ వల్ల వేళ్ళ చివర నరాలు దెబ్బతిని తిమ్మిర్లు వస్తాయి. మందు ఎక్కేంతసేపూ చేతులూ కాళ్ళూ చల్లగా ఉంచితే రక్తనాళాలు ముడుచుకుని, మందు అక్కడికి తక్కువగా చేరుతుందని ఆలోచన. దానికోసం ప్రత్యేకంగా గ్లవ్స్, సాక్సులు అమ్ముతారు, ఖరీదెక్కువ. బఠాణీ ప్యాకెట్ అయితే చేతి ఆకారానికి ఒదుగుతుంది. మధ్యలో పల్చటి గుడ్డ వెయ్యాలి, లేకపోతే చర్మం కాలినట్టవుతుంది. డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాను. అందరికీ పని చేస్తుందని గ్యారంటీ లేదు, నాకు కుడికాలి రెండు వేళ్ళు ఇప్పటికీ తిమ్మిరే. కానీ చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నాను.

కీమో ఎక్కించే ఇన్‌ఫ్యూషన్ రూమ్‌లో షూటింగ్ చెయ్యకూడదు, మిగతావాళ్ళ ప్రైవసీ కదా. కాబట్టి పార్కింగ్‌లో కూర్చుని చెప్తున్నాను. లోపల మా కుర్చీలు కిటికీ వైపు. "మా" అంటే నలుగురం. నేను, అక్క. అక్క కీమో ఎప్పుడో అయిపోయింది, అయినా మంగళవారం వీలైతే వచ్చి పక్కన కూర్చుంటుంది. మూడోది కెంట్ నుంచి వచ్చే పంజాబీ ఆంటీ. నాలుగోది ఒక అమెరికన్ బామ్మ, రిటైరైన స్కూల్ బస్ డ్రైవర్. పదకొండేళ్ళ క్రితం ఆవిడకీ ఇదే జబ్బు. ఇప్పుడు వలంటీర్. వాట్సాప్‌లో మా గ్రూపు పేరు "మటర్", అంటే బఠాణీ, పంజాబీ ఆంటీ పెట్టింది. బామ్మకి అర్థం చెప్తే పది నిమిషాలు నవ్వింది.

ఈ బామ్మ చేతిలో ఎప్పుడూ ఊలు, సూదులు ఉంటాయి. మనవలకి స్వెటర్లేమో అనుకున్నాను. కాదు, రొమ్ములు అల్లుతోంది! నవ్వకండి. ఇక్కడికి గంటన్నర దూరంలో బెల్లింగ్‌హామ్ అని ఊరుంది. 2011లో అక్కడ నిటెడ్ నాకర్స్ అని ఒక సంస్థ మొదలైంది. మెత్తటి నూలుతో అల్లి, లోపల దూది లాంటిది నింపి, ఆపరేషన్ అయినవాళ్ళకి ఉచితంగా ఇస్తారు. అల్లేవాళ్ళందరూ వలంటీర్లే. సిలికాన్‌వి బరువు, చెమట పడుతుంది. అక్క అప్పటిదాకా జాకెట్లో చేతిరుమాళ్ళు మడిచి పెట్టుకునేది, వంగితే జారిపోతుందని వడ్డించడానికి కూడా భయపడేది. బామ్మ కొలత అడిగి వారంలో తెచ్చిచ్చింది. అక్క జాకెట్లకి లోపల జేబు కుట్టింది మా అమ్మ. మొన్న ఒక పెళ్ళిలో అక్క పట్టుచీర కట్టుకుని అందరికీ వంగి వంగి గుత్తివంకాయ కూర వడ్డిస్తోంది. నేను దూరం నుంచి వీడియో తీశాను గానీ మీకు చూపించను.

ఉద్యోగం గురించి కూడా ఈ కుర్చీల్లోనే తెలిసింది. నాది హెచ్‌వన్ వర్క్ వీసా. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజులే, ఆ టెన్షన్‌తో మొదట్లో లాప్‌టాప్ పట్టుకుని కీమోకి వెళ్ళేదాన్ని. వాషింగ్టన్ స్టేట్‌లో 2020 నుంచి జబ్బు చేస్తే జీతంలో కొంత ఇస్తూ సెలవిచ్చే పథకం ఉందని, మామూలుగా 12 వారాలదాకా వాడుకోవచ్చని పంజాబీ ఆంటీ చెప్పింది. ఏళ్ళ తరబడి ప్రతి నెలా నా జీతంలోంచి దానికి డబ్బు కట్ అవుతూనే ఉంది, పే స్లిప్పులో ఆ లైను ఏంటో ఎప్పుడూ చూడలేదు. కారు లేనివాళ్ళని ఉచితంగా ఆసుపత్రికి తీసుకెళ్ళే వలంటీర్లు అమెరికన్ క్యాన్సర్ సొసైటీలో ఉంటారని బామ్మ చెప్పింది. దాని పేరు రోడ్ టు రికవరీ. ఇంగ్లిష్ రాని అమ్మానాన్నలు ఇక్కడుంటే గుర్తుపెట్టుకోండి.

మా గ్రూపులో ఎవరూ రాసిపెట్టకపోయినా కొన్ని పద్ధతులున్నాయి. స్టేజ్ ఎంత అని అడగం. వాళ్ళంతట వాళ్ళు చెప్తే వింటాం. మందు పేరు ఎవరు చెప్పినా, పసుపు గోళీలు అయినా సరే, "డాక్టర్‌ని అడిగావా?" అనేదే జవాబు. ఇక "నువ్వు ధైర్యవంతురాలివి" అనడం నిషేధం. ఈ మాట బయట అందరూ అంటారు, మంచి మనసుతోనే. కానీ ఆ మాట అన్నాక మనం ఏడవడానికి చోటుండదు. నోటిపూతకి పెరుగన్నం కూడా మండుతోందని చెప్తే "అవును, నాకు ఐదోరోజు తగ్గింది, గోరువెచ్చటి రాగిజావ తాగి చూడు" అనేవాళ్ళు కావాలి నాకు. నాకంటే రెండు వారాలు ముందున్న మనిషి.

సరే, లోపలికి వెళ్ళొస్తాను.

వచ్చేశానండీ. నాలుగు గంటలు పట్టింది. అలర్జీ రాకుండా ముందు ఇచ్చే బెనడ్రిల్ మత్తు ఇంకా వదల్లేదు, మాట ముద్దగా వస్తే ఏమనుకోకండి.

అక్కడ గోడకి ఒక గంట ఉంటుంది. చివరి కీమో అయినవాళ్ళు మోగిస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. మావారు, పిల్లలు ఆ వీడియో కోసం ఎదురుచూస్తున్నారు. నేను మోగించలేదు. పంజాబీ ఆంటీకి ఎముకల్లోకి పాకింది. మూడు వారాలకోసారి వస్తూనే ఉండాలి, ఆవిడకి చివరి కీమో అని ఉండదు. ఇవాళ ఆవిడ రోజు కూడా. పక్క కుర్చీలోనే ఉంది. నేను మోగించనంటే ఆవిడకి కోపమొచ్చింది. "నా మీద జాలి చూపిస్తున్నావా? వెళ్ళి కొట్టు" అంది. కాదు ఆంటీ, చేతులు ఇంకా గడ్డకట్టే ఉన్నాయన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఇంతకీ నేను చేసింది కరెక్టో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మా చిన్నాడు మాత్రం మొహం ముడుచుకున్నాడు. వాడికోసం ఇంటికొచ్చి పూజగదిలో గంట ఇచ్చాను, వాయించమని. అమ్మ వద్దు వద్దంటున్నా పది నిమిషాలు వాయించాడు.

ఇప్పుడు వంటింట్లో గొడవ నడుస్తోంది. కూలర్లో బఠాణీలు కరిగిపోయాయి. అమ్మ "ఎనిమిది ప్యాకెట్లు పారేస్తావా? బంగాళాదుంప వేసి కూర చేస్తాను" అంటుంది. పన్నెండు వారాలుగా కరిగి, మళ్ళీ గడ్డకట్టి, నా కాళ్ళ కింద నలిగిన బఠాణీలు! వద్దే అమ్మా అంటే వినదు. ఈలోగా అక్క ఫోన్. "పారెయ్యకు, కూరా చెయ్యనివ్వకు. మళ్ళీ ఫ్రీజర్లో పెట్టు. శుక్రవారం ఒకమ్మాయికి టాక్సాల్ మొదలు. గుంటూరు పిల్ల. ఫోన్ నంబరిచ్చాను, ఏడుస్తూ చేస్తుంది, ఎత్తు."

అమ్మ మార్కర్ తీసుకుని ఒక్కో ప్యాకెట్ మీదా పెద్ద అక్షరాలతో తెలుగులో రాస్తోంది, చూడండి: "కూరకి కావు."