చెయ్యి పట్టని చోట బోల్టు: కారు ముందు సస్పెన్షన్ మరమ్మతుపై ప్రసంగం

మిత్రులకు నమస్కారం. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ చదువుతున్న విద్యార్థులూ, షెడ్డుల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న మేస్త్రీలూ కలిసి కూర్చున్న ఈ సభలో, కారు ముందు సస్పెన్షన్‌లో (చక్రాలను బండికి కలిపి, కుదుపులను తగ్గించే అమరికలో) చెయ్యి సులువుగా వెళ్లని చోట ఉండే భాగాలను మార్చడం గురించి మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. ఈ పనిలో నేను గట్టిగా నమ్మేది ఒకటే. పానా పట్టని బోల్టుతో కుస్తీ పట్టడం కంటే, పానా తిరిగేంత చోటు ముందుగా చేసుకోవడమే అసలు పని. అలా చోటు చేసుకోవడానికి పట్టే సమయాన్ని మిగుల్చుకుందామని చూస్తే, ఆ నష్టం బుష్ (కీలులో ఉండే రబ్బరు తొడుగు) మీదో, రబ్బరు బూటు (కీలులోకి దుమ్ము పోకుండా కప్పే తొడుగు) మీదో, ఒక్కోసారి మనిషి చేతి మీదో పడుతుంది.

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు వైపు మాక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉంటుంది. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మాక్‌ఫెర్సన్ 1940లలో రూపొందించిన ఈ పద్ధతిలో స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఒకే స్తంభంగా ఇమిడిపోతాయి. చక్రాన్ని పట్టి ఉంచడానికి పైన మరో ఆర్మ్ (చేయి లాంటి కడ్డీ) అక్కర్లేదు. అలా మిగిలిన చోటులోనే ఇంజన్‌ను అడ్డంగా పెట్టగలిగారు. అయితే ఇంజన్, గేర్‌బాక్స్, స్టీరింగ్ రాక్ (చక్రాలను పక్కలకు తిప్పే భాగం), సబ్‌ఫ్రేమ్ (బాడీ కింద బిగించే ఉక్కు చట్రం) అన్నీ అక్కడే కిక్కిరిసి ఉండడంతో, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని సబ్‌ఫ్రేమ్‌కు కలిపే కింది ఆర్మ్) లోపలి బోల్టులూ, స్టెబిలైజర్ బార్‌ను (మలుపుల్లో బండి ఒరగకుండా రెండు వైపులనూ కలిపే కడ్డీని) పట్టి ఉంచే బుష్‌లూ వాటి వెనక దాక్కున్నాయి. కొన్ని కార్లలో స్ట్రట్ పై నట్లు కూడా వైపర్ల కింది ప్లాస్టిక్ ప్యానెల్ మాటున ఉంటాయి. వైపర్ చేతులు విప్పి ప్యానెల్ తీస్తే కాసేపట్లో అయిపోయే పనిని, సందులోంచి పానా దూర్చి నట్టు అంచులు అరగదీసుకుని పూటంతా సాగదీసేవారిని చూస్తుంటే బాధ కలుగుతుంది.

విప్పే ముందు ఏది పోయిందో తేల్చుకోవాలి. చేతికి అందని భాగాన్ని అనుమానం మీద మార్చడం యజమాని జేబుకూ, మన ఒంటికీ నష్టమే. స్పీడ్ బ్రేకర్ మీద టక్‌మని వినిపించే చప్పుడు లింక్ రాడ్‌దీ (స్టెబిలైజర్ బార్ చివర ఉండే చిన్న కడ్డీ) కావచ్చు, బాల్ జాయింట్‌దీ (లోయర్ ఆర్మ్ చివరి గుండ్రటి కీలు) కావచ్చు, స్ట్రట్‌ను బాడీకి పట్టి ఉంచే పై మౌంట్‌దీ కావచ్చు. కారును జాకీ మీద ఎత్తి చక్రాలు వేలాడుతుండగా లింక్ రాడ్‌ను ఊపితే, అప్పుడు అది బిగుసుకుని ఉంటుంది గనుక అందులోని ఆట (వదులు) బయటపడకపోవచ్చు. బరువు చక్రాల మీద ఉండగా పట్టి చూడాలి. ఈ రకం సస్పెన్షన్‌లో బండి బరువు స్ప్రింగు ద్వారా నేరుగా పైకి వెళుతుంది కాబట్టి, కింది బాల్ జాయింట్‌ను మాత్రం చక్రం వేలాడుతుండగానే పరీక్షించవచ్చు.

లింక్ రాడ్ విప్పేటప్పుడు ముందు చక్రాలు రెండూ నేలను వదిలి ఉండాలి. ఒక్క వైపే ఎత్తితే స్టెబిలైజర్ బార్ మెలితిరిగి, బోల్టు ఊడగానే ఎగిరి కొడుతుంది. బాల్ జాయింట్ నకిల్‌లోకి (చక్రం బిగించి ఉండే లోహపు భాగంలోకి) పిన్‌లా దిగి, అడ్డ బోల్టుతో బిగిసి ఉండే కార్లలో, ఆ బోల్టును వదులు చేస్తే చాలదు. పిన్ మెడకు ఒక గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచి వెళుతుంది. బోల్టు పూర్తిగా బయటికి వచ్చేదాకా సుత్తితో ఎంత కొట్టినా పిన్ కదలదు. బోల్టు తీసి, నకిల్ చీలికను ఉలి లాంటి చీలతో కొద్దిగా తెరిస్తే దానంతటదే దిగుతుంది. నకిల్‌ను బయటికి మరీ లాగితే డ్రైవ్ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని చక్రానికి చేర్చే కడ్డీ) లోపలి జాయింటు ఊడివస్తుంది, బ్రేక్ క్యాలిపర్‌ను (డిస్క్‌ను నొక్కి పట్టే బ్రేకు భాగాన్ని) దాని గొట్టం మీద వేలాడదీస్తే గొట్టం పాడవుతుంది. రెంటినీ తాడుతో కట్టి ఉంచాలి.

కొన్ని కార్లలో లోయర్ ఆర్మ్ ముందు బోల్టు నట్టు వదిలినా బయటికి రాదు. సగం వచ్చాక గేర్‌బాక్స్ గోడకు తగిలి ఆగిపోతుంది. అక్కడే బోల్టు తల కోసేయాలన్న ఆలోచన వస్తుంది. తల కోసి పాతదాన్ని తీసినా, కొత్త బోల్టును అదే దారిలో ఎలా దూర్చగలం? సబ్‌ఫ్రేమ్‌ను కొన్ని సెంటీమీటర్లు దించడమే సరైన మార్గం. ముందుగా అది బాడీకి ఆనే చోట చుట్టూ రంగుతో గుర్తు పెట్టాలి. వెనక ఇంజన్ మౌంట్ సబ్‌ఫ్రేమ్ మీద ఆధారపడి ఉంటే ఇంజన్‌ను పైనుంచి బార్‌తో మోయించాలి. రాక్‌ను స్టీరింగ్ షాఫ్ట్ నుంచి విడదీయాల్సి వస్తే, చక్రాలు నేరుగా ఉంచి స్టీరింగ్ కదలకుండా కట్టేయాలి. అది ఇష్టం వచ్చినట్లు తిరిగితే ఎయిర్‌బ్యాగ్‌కు వెళ్లే చుట్ట తీగ తెగిపోతుంది.

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బోల్టు బుష్ లోపలి ఉక్కు గొట్టానికి తుప్పుతో అతుక్కుపోవడం మామూలే. పానాతో తిప్పితే కొద్దిగా తిరిగి, వదలగానే స్ప్రింగులా వెనక్కి వస్తుంది. అలా వస్తే మరలు కదలడం లేదని, గొట్టంతో కలిసి రబ్బరు మెలిపడుతోందని గ్రహించాలి. ముందు రోజే తుప్పు వదిలించే నూనె పట్టించి చూడాలి; అప్పటికీ రాకపోతే బుష్‌కు అటూ ఇటూ ఆక్సా బ్లేడుతో కోసి, కొత్త బోల్టు వేయాలి.

ఇక, చాలాచోట్ల నిర్లక్ష్యానికి గురయ్యే దశ బిగింపు. లోయర్ ఆర్మ్ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ కరచుకుని ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం సబ్‌ఫ్రేమ్‌కు బిగిసిపోతుంది; ఆ తర్వాత ఆర్మ్ ఎంత కదిలితే రబ్బరు అంత మెలితిరగాలి. చక్రాలు వేలాడుతుండగా బిగించి కారును నేలకు దించితే, కారు నిలబడి ఉన్నప్పుడు కూడా రబ్బరు తడిగుడ్డను పిండినట్లు మెలిపడే ఉంటుంది. ప్రతి గుంతకూ ఆ మెలిక ఇంకా పెరిగి, కొత్త బుష్ కొన్నాళ్లకే చిరిగిపోతుంది. అప్పుడు సరుకు నాసిరకమని దుకాణదారును నిందిస్తాం. అందుకే బుష్ బోల్టులను ముందు చేత్తోనే ఆనించి, ఆర్మ్ చివర జాకీ పెట్టి, బండి బరువు స్ప్రింగు మీదికి వచ్చేదాకా లేపి, ఆ ఎత్తులో టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) కంపెనీ మాన్యువల్ చెప్పిన అంకెకు బిగించాలి. జాకీ ఎంత గట్టిదైనా, కింద స్టాండ్లు లేకుండా బండి కిందికి ఎవరూ దూరకూడదు. ఒకసారి మాత్రమే వాడాలని మాన్యువల్ చెప్పిన బోల్టులను తిరిగి వేయకూడదు.

స్ట్రట్ కూడా విప్పి ఉంటే, నకిల్‌ను పట్టే బోల్టుల రంధ్రాల్లో ఉండే కొద్దిపాటి వదులు వల్ల చక్రం వాలు మారుతుంది. సబ్‌ఫ్రేమ్ కదిలితే ఆర్మ్‌లూ కదిలినట్లే. కాబట్టి ఈ పని చేసిన కారుకు వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలను సరిచేయడం) తప్పనిసరి. ఆ ఖర్చును, సబ్‌ఫ్రేమ్ దించడానికి పట్టే కూలిని మొదటి రోజే, బండి విప్పకముందే, యజమానికి విడమరచి చెప్పండి.