పాత సీబీ750 కొనబోతున్నారా? ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి

నమస్తే అండీ. ఈ రోజు మన ముందున్న బండి హోండా సీబీ750, 1970ల నాటి కె సిరీస్. అమ్మే పెద్దమనిషి కెమెరా పెట్టుకోమన్నారు, బండంతా వెతుక్కోమన్నారు. నేను ఫోన్‌లో ఒక్క మాటే అడిగాను: మేం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకండి అని.

ఇదిగో, రాగానే చేస్తున్న మొదటి పని ఇదే. సిలిండర్ ఫిన్స్ మీద, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ఆ రెక్కల మీద చెయ్యి పెడుతున్నా. చల్లగా ఉంది. మాట నిలబెట్టుకున్నారు. మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటే మాత్రం ఏమీ అనకండి, కాసేపు కూర్చుని చల్లారనివ్వండి. పాత ఇంజన్ తన జబ్బులన్నీ చల్లగా ఉన్నప్పుడే బయటపెడుతుంది. స్టార్ట్ కావడానికి మొండికేయడం, మొదటి నిమిషంలో వచ్చే నీలం పొగ, ఆయిల్ పైకి చేరేలోపు వినపడే చప్పుడు, ఇవన్నీ ఒకసారి వేడెక్కాక దాక్కుంటాయి.

ఈ మోడల్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. 1969లో వచ్చింది. 736 సీసీ, పక్కపక్కనే నాలుగు సిలిండర్లు, ముందు డిస్క్ బ్రేకు, సెల్ఫ్ స్టార్టర్. గట్టి ఇంజన్ అని పేరు తెచ్చుకుంది, ఆ పేరు న్యాయమైనదే. కానీ ఆ పేరు వచ్చింది కొత్త బండికి. ఇప్పుడు దీని వయసు యాభై ఏళ్లకు అటూ ఇటూ. ఈ వయసులో ఒక బండిని నమ్మొచ్చా లేదా అన్నది కంపెనీ పేరు చూసి తేలదు, అది ఇన్నాళ్లూ ఎవరి చేతుల్లో పడింది అన్నదాన్ని బట్టి తేలుతుంది. అందుకే నేను ముందు బండిని కాదు, దాని మీద పడిన చేతుల్ని చూస్తాను.

ఆ చేతుల జాడ ఎక్కడ దొరుకుతుందంటే, స్క్రూల తలల మీద. కెమెరా దగ్గరికి తీసుకురండి. ఇది కుడివైపు పాయింట్ల కవర్. పాయింట్లంటే ప్లగ్‌లో స్పార్క్ సరైన వేళకి వచ్చేలా చేసే చిన్న స్విచ్‌లు. దీని స్క్రూలు చూడండి, ప్లస్ గుర్తు అంచులు కొత్తవాటిలా పదునుగా ఉన్నాయి. ఇప్పుడు దాని పక్కనే క్లచ్ కవర్ స్క్రూలు చూడండి. మూడింటి తలలు అరిగి గుండ్రటి గుంటలయ్యాయి. ఒకదాన్ని ఉలితో కొట్టి తిప్పినట్టు గాటు కూడా ఉంది. జపాన్ బండ్ల స్క్రూలు చూడటానికి మామూలు ఫిలిప్స్ లాగే ఉంటాయి కానీ అవి జెఐఎస్ కొలతవి, అంటే జపాన్ ప్రమాణం. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెట్టి గట్టిగా తిప్పితే జారి తలను కొరికేస్తుంది. అంటే ఈ బండి మీద రెండు రకాల చేతులు పడ్డాయి. ఒకప్పుడు ఎవరో క్లచ్ కవర్‌ని తొందరపడి, చేతికందిన పనిముట్టుతో విప్పారు. పాయింట్ల కవర్ అలా కాదు, ట్యూనింగ్‌కి మాటిమాటికీ విప్పాల్సిన కవర్ అది. అయినా దాని స్క్రూలు ఇంత శుభ్రంగా ఉన్నాయంటే, ఈ మధ్య చూసుకుంటున్న మనిషి సరైన పనిముట్టు కొనుక్కుని ఓపిగ్గా పని చేస్తున్నాడు. మెరుస్తున్న ట్యాంకు పెయింటు కంటే ఈ రెండు స్క్రూలు నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చాయి.

ఇక నంబర్లు. చాలామంది అడిగేది "ఇంజన్ నంబరూ ఛాసిస్ నంబరూ ఒకటేనా" అని. ట్రయంఫ్ లాంటి బ్రిటిష్ బండ్ల విషయంలో ఆ ప్రశ్న సరైనదే, చాలా ఏళ్లు ఆ ఫ్యాక్టరీలో రెండు చోట్లా ఒకే నంబరు కొట్టారు. సీబీ750కి మాత్రం ఫ్యాక్టరీ నుంచే రెండు నంబర్లూ వేరు. కాబట్టి ఒకటి కాలేదని మంచి బండిని వదులుకోకండి. రెండు నంబర్లూ పేపర్లలో ఉన్నవాటితో కలుస్తున్నాయా, అంకెల చుట్టూ గ్రైండింగ్ చేసిన గుర్తులు ఏమైనా ఉన్నాయా, ఇవి చూడండి. ఇక్కడ పేపర్లతో కలిశాయి, లోహం కూడా ముట్టనట్టే ఉంది.

పెట్రోల్ ట్యాంకు మూత తీసి టార్చ్ వేస్తున్నా. అడుగున పల్చగా తుప్పు రంగు ఉంది, పొరలుగా ఊడి రావడం లేదు. ఇది పర్వాలేదు. లోపల తెల్లగానో ఎర్రగానో కోటింగ్ కనిపిస్తే అమ్మేవాళ్లు అదో ప్లస్ పాయింట్‌లా చెబుతారు. నాకు మాత్రం అనుమానం వస్తుంది, ఎందుకంటే ఆ కోటింగ్ వెనక చిల్లులు ఉండే అవకాశం ఉంది. అలాంటప్పుడు ట్యాంకు అడుగున, అతుకుల వెంట వేలితో తడిమి చూడండి. ఇంకో మాట, ఈ పెట్రోల్ వాసన పుల్లగా, వార్నిష్ లాగా ఉంది. నెలల తరబడి కదల్లేదన్నమాట. ఈ ఒక్క వాసన గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో దీని పని తెలుస్తుంది.

హెడ్‌లైట్ రింగ్ విప్పుతున్నా. ఇది ఎవరూ చూడని చోటు, నేనైతే ఎప్పుడూ వదలను. ముందు భాగం వైరింగ్ అంతా ఈ గిన్నెలోకి వచ్చి కలుస్తుంది. హోండాలో ఆకుపచ్చ వైరు ఎర్త్. రంగుకి రంగు కలిసి, కనెక్టర్లు గట్టిగా కూర్చుని ఉంటే కరెంటు టెన్షన్ సగం తీరినట్టే. ఇక్కడ అన్నీ సరిగానే ఉన్నాయి, ఒక్క ఎర్ర వైరు తప్ప. ఎవరో హారన్ కోసం విడిగా లాగి, టేపు చుట్టి వదిలేశారు. టేపు జిగురు కారుతోంది. సరిచేయించడం తేలికే. ఫ్యూజ్ కూడా చూశాను, అసలు ఫ్యూజే ఉంది. అక్కడ రాగి తీగో సిగరెట్ పెట్టె రేకో కనిపించి ఉంటే మాత్రం, వైరింగ్ మొత్తం మార్చాలన్న లెక్కతోనే బేరం మొదలుపెట్టేవాణ్ని.

సరే, స్టార్ట్ చేద్దాం. చోక్ వేశాను. సెల్ఫ్ కొడుతున్నా... పట్టుకుంది. ఆయిల్ ప్రెషర్ లైటు చూడండి, వెంటనే ఆరిపోయింది. అది అలాగే వెలుగుతూ ఉంటే ఆ క్షణమే ఇంజన్ ఆపేయాలి. సైలెన్సర్ల వెనక పొగ కొద్దిగా తెల్లగా వచ్చి పోయింది, అది ఆవిరి. నీలం పొగ లేదు. నీలం పొగ వస్తే ఎప్పుడు వస్తోందో చూడాలి. రేజ్ చేసి యాక్సిలరేటర్ వదిలేసి, మళ్లీ ఇచ్చినప్పుడు గుప్పున వస్తే ఎక్కువగా వాల్వ్ గైడ్లు గానీ సీళ్లు గానీ అరిగినట్టు. లోడ్ మీద లాగుతున్నంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగులూ సిలిండర్ బోరూ అరిగినట్టు. మొదటిది హెడ్ పని, రెండోది ఇంజన్ పూర్తిగా విప్పే పని.

చప్పుడు వినండి. ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, కింద నుంచి గలగలమంటోంది కదా? కొనేవాళ్లు చాలామంది ఈ శబ్దం విని భయపడి వెళ్లిపోతారు. ఈ ఇంజన్‌లో రెండు ప్రైమరీ చైన్లు ఉంటాయి, ఇంజన్ తిప్పే శక్తిని క్లచ్ వైపు చేర్చేవి. నాలుగు కార్బ్యురేటర్లు సమానంగా లాగకపోతే ఆ చైన్లు ఇలా కొట్టుకుంటాయి. కొంచెం రేజ్ చేస్తున్నా... పోయింది. అంటే కార్బ్యురేటర్లు ట్యూన్ చేస్తే చాలావరకు తగ్గుతుంది. మీరు భయపడాల్సిన శబ్దం వేరే ఉంది. లోడ్ పడినప్పుడు కింద నుంచి లోతుగా, సుత్తితో కొట్టినట్టు వచ్చే శబ్దం. అది క్రాంక్ బేరింగులది. అది వినపడితే నేను బేరం కూడా ఆడను.

పైన టిక్ టిక్ మంటున్నది టాపెట్లు, వాల్వులను నొక్కే భాగాలు. వాటికీ వాల్వులకీ మధ్య సన్నటి గ్యాప్ ఉంటుంది. అది ఉండాలి. ఈ ఇంజన్‌కి చల్లగా ఉన్నప్పుడు ఇంటేక్ గ్యాప్ 0.05 మి.మీ., ఎగ్జాస్ట్ 0.08 మి.మీ. అసలు టిక్కుమనకుండా నిశ్శబ్దంగా ఉంటే గ్యాప్ లేకుండా బిగించారేమో అని అనుమానించాలి. అలా బిగిస్తే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, మెల్లగా కాలిపోతుంది. "ఎంత సైలెంట్‌గా ఉందో చూడండి" అని చెప్పి అమ్మే బండ్ల దగ్గర జాగ్రత్త.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పరీక్ష. స్టార్ట్ అయిన కొద్దిసేపటికే నాలుగు ఎగ్జాస్ట్ పైపుల మీదా ఇలా నీళ్లు చల్లుతున్నా. ఒకటి, సుయ్‌మంది. రెండు, సుయ్‌మంది. మూడు... చూశారా, నీళ్లు అలాగే జారిపోయాయి. నాలుగు, సుయ్‌మంది. మూడో సిలిండర్ ఐడిలింగ్‌లో కాల్చడం లేదు. కారణం కూడా ఇక్కడే ఊహించొచ్చు. ఈ బండిలో ప్లగ్‌లకి స్పార్క్ కోసం కరెంటు ఇచ్చే కాయిల్ 1, 4 సిలిండర్లకి ఒకటి, 2, 3 సిలిండర్లకి ఇంకొకటి. కాయిలో పాయింట్లో పోతే రెండోది కూడా చల్లగా ఉండేది. రెండోది బాగానే కాలుతోంది కాబట్టి తప్పు మూడో సిలిండర్‌దే. ఇందాక ట్యాంకులో వచ్చిన వాసన గుర్తుందా? ఆ పాత పెట్రోలే మూడో కార్బ్యురేటర్‌లోని స్లో జెట్‌ని, అంటే ఐడిలింగ్‌లో పెట్రోల్ ఇచ్చే సన్నటి రంధ్రాన్ని, మూసేసి ఉంటుందని నా అంచనా. ప్లగ్ మార్చి చూశాం, మార్పు లేదు. సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ కూడా పెట్టాం, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగానే చూపించాయి. ఒకటి బాగా తగ్గి ఉంటే ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

ఆయిల్ విషయంలో ఒక జాగ్రత్త. ఈ బండికి ఆయిల్ ట్యాంకు విడిగా ఉంటుంది, కుడివైపున. బండి చాలా రోజులు నిలబడితే ఆయిల్ మెల్లగా కింద ఇంజన్‌లోకి దిగిపోతుంది. పాత బ్రిటిష్ బండ్లలో ఇది మరీ ఎక్కువ. అప్పుడు డిప్‌స్టిక్ తక్కువ చూపిస్తే కంగారుపడి పైనుంచి పోయకండి. ఇంజన్ తిరిగి వేడెక్కాక చూడండి. మేం అలాగే చూశాం, సరిపోను ఉంది, రంగు కూడా బాగుంది. పాలు కలిపినట్టు కనిపిస్తే లోపల నీరు చేరిందని అర్థం.

బ్యాటరీకి మీటర్ పెడితే ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.5 వోల్టులు, 4,000 ఆర్పీఎం దగ్గర 14.2. ఛార్జింగ్ బాగుంది. ఐడిలింగ్‌లో తక్కువ చూపించడం ఈ బండికి మామూలే.

మెయిన్ స్టాండ్ వేసి ముందు చక్రం తిప్పుతున్నా. అర చుట్టు కూడా తిరగకుండా ఆగిపోయింది. ముందు బ్రేక్ క్యాలిపర్, అంటే ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే భాగం, ఒక పిన్ను మీద కదలాలి, అది పట్టేసింది. సీబీ750లో ఇది తరచూ కనిపించే జబ్బే. హ్యాండిల్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పితే మధ్యలో ఎక్కడా గాడిలో పడినట్టు ఆగడం లేదు, స్టీరింగ్ బేరింగులు బాగున్నాయి. ఫోర్క్ రాడ్ల మీద తుప్పు చుక్కలు లేవు. హెడ్‌స్టాక్, అంటే హ్యాండిల్ ఫ్రేమ్‌లోకి దిగే చోటు, దాని కింద ఫ్రేమ్ మీద మడత గానీ, అక్కడక్కడా కొత్త పెయింటు గానీ లేదు. వెనక చైన్‌ని స్ప్రాకెట్ వెనక వైపు నుంచి పట్టి లాగితే పన్ను కొద్దిగానే బయటపడింది. సగం పన్ను కనిపిస్తే చైన్ అయిపోయినట్టే.

టైర్ల మీద గాడులు బాగున్నాయి, లోతుగా ఉన్నాయి. కానీ పక్కన నాలుగంకెలు చూడండి: 1409. అంటే 2009లో 14వ వారంలో తయారైంది. రబ్బరు రాయిలా ఉంది.

అందుకే టెస్ట్ రైడ్ చిన్నగానే చేశాను, నెమ్మదిగా. రెండో గేరులో ఇచ్చి వదిలి, ఇచ్చి వదిలి చూశా, గేరు బయటికి దూకలేదు. టాప్‌లో గట్టిగా ఇస్తే ఇంజన్ ఒక్కటే అరిచి బండి ముందుకు కదలకపోవడం లాంటిది లేదు, క్లచ్ పట్టు బాగుంది. వెనకాల ఇంకో బండి మీద వచ్చిన మా కెమెరామన్ రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయన్నాడు.

నేనైతే ఈ బండి కొంటాను. ఇంజన్ లోపల ఖర్చు పెట్టాల్సిన జబ్బు కనిపించలేదు. కనిపించినవి ఎక్కువగా నిలబడి ఉండటం వల్ల వచ్చినవే: కార్బ్యురేటర్లు, క్యాలిపర్, టైర్లు. వాటికి తోడు ఆ ఎర్ర వైరు. ఈ నాలుగింటి ఖర్చు ముందే లెక్కేసి, అమ్మే ఆయన ముందు పెట్టి ధర మాట్లాడొచ్చు. కానీ ఇవాళ దీన్ని నడుపుకుంటూ ఇంటికి వెళ్లను. పట్టేసిన ముందు బ్రేకు, 2009 నాటి టైర్లు. ట్రాలీ మాట్లాడుకుని, దాని మీద ఎక్కించి తీసుకెళ్తాను.