పై తరగతి సీటుకు ఎంత ఇవ్వవచ్చు?

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లివచ్చే తల్లిదండ్రులు గుంటూరు, తెనాలి, విజయవాడల్లో ఈనాడు ఏ వీధిలోనైనా కనబడతారు. టికెట్లు తీసేది పిల్లలే అయినా, ప్రయాణం దగ్గరపడుతున్నప్పుడు వీరి ఫోనుకు కూడా ఒక సందేశం వస్తూ ఉంటుంది. అదనంగా ఇంత సొమ్ము కడితే బిజినెస్ క్లాసులో చోటు ఇస్తామనో, మీరెంత ఇవ్వగలరో మీరే చెప్పండనో అందులో ఉంటుంది. ఆ అంకె దేనికి వెల, అది ఎలా పుడుతుంది, ఎప్పుడు ఒప్పుకోవచ్చు అన్నదే ఈనాటి విషయం.

విమానంలో అమ్మే సరుకు ముఖ్యంగా స్థలం. దూరప్రయాణాలకు వాడే బోయింగ్ 777 విమానాన్ని తీసుకుంటే, చాలా సంస్థలు ఎకానమీలో ఒక వరుసకు పది సీట్లు వేస్తాయి. కొత్త రకం బిజినెస్ క్లాసులో అదే వెడల్పులో నాలుగే ఉంటాయి. ఎకానమీలో సీటుకూ సీటుకూ మధ్య దూరం సుమారు 31 అంగుళాలైతే, బిజినెస్ క్లాసులో సీటు ఆరడుగులకు పైబడిన పడకగా పరుచుకుంటుంది. ఒకరు పడుకునే చోట నలుగురైదుగురు కూర్చోగలరు కనుక అసలు ధర ఎకానమీకి కొన్ని రెట్లు ఉండటంలో వింత లేదు. అయితే ఆ ధరకు కొనేవారు అన్ని సీట్లకూ దొరకరు. గుంటూరు మిర్చి యార్డులో ధర పడిపోతే రైతు సరుకును శీతల గిడ్డంగికి చేర్చి కొన్ని నెలలు ఆగగలడు. ఖాళీ సీటును దాచుకునే గిడ్డంగి విమాన సంస్థకు లేదు. తలుపు మూసిన మరుక్షణం దాని విలువ సున్నా. అందుకే టికెట్ కొన్న రోజున ఒక ధర, ప్రయాణానికి ముందు వారంలో మరొక ధర, కౌంటరు దగ్గర ఇంకొక ధర వినబడతాయి. మంచి దుస్తులు వేసుకుని వెళితే ఉచితంగా పై తరగతి ఇస్తారన్న మాట ఇప్పటికీ ప్రచారంలో ఉంది. నేను దాన్ని నమ్మను. ఎకానమీలో సీట్లు చాలక ఎవరినైనా ముందుకు పంపవలసి వస్తే, తరచుగా ప్రయాణించి ఆ సంస్థలో ఉన్నత శ్రేణి సభ్యత్వం పొందినవారి పేర్లే సాధారణంగా ముందు చూస్తారు.

మీరెంత ఇవ్వగలరో మీరే చెప్పమనే వేలం పద్ధతిలో కొన్ని సంగతులు గమనించాలి. అక్కడ మీరు చెప్పే మొత్తం సాధారణంగా ఒక మనిషికి, ఒక విమానానికి మాత్రమే. దంపతులు 60,000 రూపాయలని నొక్కితే కార్డు నుంచి పోయేది 1,20,000. ఒకే బుకింగ్‌లో ఉన్న ఇద్దరిలో ఒకరికే కావాలంటే ఈ పద్ధతిలో మామూలుగా కుదరదు. ఇక తెర మీద మీ మొత్తం బలహీనమనీ బలమైనదనీ చూపే ముల్లు విమాన సంస్థ తరఫున నడిచే ముల్లు. దాన్ని పచ్చరంగు దాకా తోయాలన్న నియమమేదీ లేదు. ఒప్పుకోకపోతే మీ డబ్బు తీసుకోరు, మీ పాత సీటు మీకే ఉంటుంది. ఒప్పుకున్న తరువాత మాత్రం మనసు మార్చుకుంటే ఆ సొమ్ము సాధారణంగా తిరిగి రాదు.

మొత్తాన్ని ప్రయాణపు గంటలతో భాగించి చూడడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా నమ్మదగిన కొలత. శంషాబాద్ నుంచి గల్ఫ్ నగరానికి నాలుగు గంటలు, అక్కడి నుంచి అమెరికాకు పదిహేను గంటలు అనుకుందాం. మొదటి విమానానికి 20,000, రెండోదానికి 60,000 అడిగారనుకుంటే, చవకగా కనిపించే మొదటిది గంటకు 5,000, ఖరీదైనదిగా కనిపించే రెండోది గంటకు 4,000 అవుతుంది. పైగా మొదటి విమానం తరచుగా అర్ధరాత్రి దాటాక బయలుదేరుతుంది. భోజనం పెట్టి, పళ్లేలు తీసి, దీపాలు ఆర్పేసరికి సగం కాలం గడిచిపోతుంది, కన్ను మూతపడేలోగా దిగే ప్రకటన వస్తుంది. డబ్బు పెట్టదలచుకుంటే పడక మీద ఏడెనిమిది గంటలు నిద్రపోగలిగే రెండో విమానానికే పెట్టాలి, అదీ మోకాళ్ల నొప్పులో నడుము నొప్పో ఉన్నవారు వెళ్లేటప్పుడు.

ఆ డబ్బుకు ఏవి రావో కూడా అడిగి తెలుసుకోవాలి. సామాను బరువు పరిమితి, రద్దు చేసుకుంటే తిరిగి వచ్చే మొత్తం, తరచుగా ప్రయాణించేవారి ఖాతాలో బహుమతిగా చేరే మైళ్లు చాలా సంస్థల్లో మొదట కొన్న ఎకానమీ టికెట్ ప్రకారమే ఉంటాయి. విమానాశ్రయంలోని విశ్రాంతి గదికి, అంటే లాంజ్‌కు, ప్రవేశం కొన్ని చోట్ల ఉంటుంది, కొన్ని చోట్ల ఉండదు. పన్ను మరొక లెక్క. మన దేశంలో ఎకానమీ టికెట్‌పై జీఎస్టీ 5 శాతం. అంతకుపై తరగతులకు 12 శాతంగా ఉన్నది 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతమైంది. 60,000 రూపాయల మీద 5 శాతమంటే 3,000, 18 శాతమంటే 10,800. చూపిన ధరలో పన్ను కలిసి ఉందో లేదో చూసుకోకుండా ఒప్పుకోకూడదు.

అంత ఖర్చు వద్దనుకునేవారికి ప్రీమియం ఎకానమీ ఉంది. అందులో పడక ఉండదు కానీ వరుసల మధ్య దూరం సుమారు 38 అంగుళాలు ఉంటుంది. అత్యవసర ద్వారం పక్క సీటులో కాళ్లు చాపుకోవచ్చని పిల్లలు పెద్దల కోసం కొంటూ ఉంటారు. ఆపద వేళ తలుపు తెరవడానికి సాయపడగలిగినవారినే అక్కడ కూర్చోనిస్తారు. చక్రాల కుర్చీ కోరినవారిని అక్కడి నుంచి లేపి వేరే చోటికి పంపుతారు. లేచి తిరగడానికి వీలుగా నడవ పక్క సీటు చాలామంది పెద్దలకు సరిపోతుంది.

మన గన్నవరం సంగతికి వస్తే, హైదరాబాదు వంటి దగ్గరి ఊళ్లకు నడిచే ఏటీఆర్ అనే చిన్న విమానాల్లో పై తరగతే లేదు. వరుసకు అటు రెండు, ఇటు రెండు సీట్లు. మధ్య సీటు అన్నదే ఉండదు. అయినా ముందుగా దిగవచ్చని ముందు వరుసకు అదనంగా చెల్లించేవారున్నారు. ఏటీఆర్‌లో ప్రయాణికులు ఎక్కి దిగే తలుపు తోక వైపున ఉంటుంది. ముందు వరుసవారే అందరికన్నా చివర దిగుతారు. పన్నెండేళ్లలోపు పిల్లలను, ఒకే పీఎన్ఆర్‌లో, అంటే ఒకే బుకింగ్ నంబరులో, ఉంటే, తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనైనా కూర్చోబెట్టాలని మన దేశపు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024లో ఆదేశించింది కనుక, పిల్లలు దూరంగా కూర్చోవలసి వస్తుందన్న భయంతో సీట్లు కొననవసరం లేదు.

డబ్బు కట్టిన పై తరగతి నుంచి మిమ్మల్ని కిందికి దించే సందర్భాలూ అరుదుగా వస్తాయి. ఆ తరగతికి టికెట్ ఉండి, మీ ఇష్టం లేకుండా దించితే, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులో ఉన్న డీజీసీఏ నిబంధన ప్రకారం దేశీయ ప్రయాణంలో పన్నులతో సహా టికెట్ వెలలో 75 శాతం తిరిగి ఇవ్వాలి. విదేశీ ప్రయాణంలో 1,500 కిలోమీటర్ల వరకు 30 శాతం, 3,500 వరకు 50 శాతం, ఆపైన 75 శాతం. అప్‌గ్రేడ్‌కు కట్టిన రసీదు అసలు టికెట్‌కు వేరుగా వస్తుంది కాబట్టి, ఆ రెంటినీ బోర్డింగ్ పాస్‌తో కలిపి ఇంటికి తిరిగి వచ్చేదాకా దాచి ఉంచండి.