ఖాళీ గదికి 20 డిగ్రీలు ఎవరడిగారు?

యాంకర్: లైన్లో ఉన్నవారు అడగండి.

కాలర్: నమస్కారం మేడమ్. ఆఫీసు బిల్డింగ్ మెయింటెనెన్స్ చూస్తానండి. రాత్రి 10 దాటినా ఏహెచ్‌యూ, అదే గదులకు చల్లగాలి పంపే పెద్ద మెషిన్, జోరు తగ్గట్లేదు. ఏ గది వల్లో తెలియట్లేదు.

నిపుణురాలు: బిల్డింగ్ మెషిన్లను నడిపే కంప్యూటర్ వ్యవస్థ ఉంటుంది కదా, బీఎంఎస్, అందులో ట్రెండ్ లాగ్, అంటే రీడింగులు వరుసగా నమోదయ్యేలా, పెట్టారా?

కాలర్: గది టెంపరేచర్ ఒక్కటే వస్తుంది.

నిపుణురాలు: దాంతో పట్టుకోలేరండీ. ప్రతి జోన్‌కూ, అంటే విడిగా కంట్రోల్ అయ్యే ప్రతి గదికీ, ఇంకో మూడు కలపండి: ఎన్ని డిగ్రీలు కావాలో చెప్పే సెట్‌పాయింట్, మనుషులున్నారో లేదో చెప్పే సెన్సార్, గదికి వెళ్లే గాలిని పెంచి తగ్గించే మూత, అదే వీఏవీ డ్యాంపర్, ఎంత తెరుచుకుందో. 15 నిమిషాలకోసారి చాలు. సెట్‌పాయింట్ అంటే షెడ్యూల్లో రాసింది కాదు, ఆ క్షణాన అమల్లో ఉన్నది. గోడ మీద ఎవరైనా నొక్కి మారిస్తే అందులోనే బయటపడుతుంది. రెండు వారాలు నడవనివ్వండి, సెలవులు కూడా రావాలి.

కాలర్: తర్వాత?

నిపుణురాలు: సెట్‌పాయింట్ మనుషులున్నప్పుడు 24 డిగ్రీలు, లేనప్పుడు 28 అనుకుందాం. గంటకు పైగా ఖాళీగా ఉండి కూడా సెట్‌పాయింట్ 26 కంటే తక్కువున్న వరుసల్ని ఎక్సెల్‌లో వేరు చేయండి. సర్వర్ రూములు ముందే తీసేయండి.

కాలర్: కదలకుండా కూర్చున్నవాళ్లను ఆ సెన్సార్ పట్టదు కదండీ?

నిపుణురాలు: పట్టదు, మంచి మాట అడిగారు. అందుకే రాత్రి వరుసలతో మొదలుపెట్టండి. పగటివాటికి కార్బన్ డయాక్సైడ్ రీడింగ్ కూడా చూడండి. బయటి గాలి స్థాయికి, దాదాపు 420 – 450 పీపీఎంకి దిగితేనే గది ఖాళీ అనుకోవాలి.

కాలర్: ఒక్క గదితో మొత్తం మెషిన్ నడుస్తుందా?

నిపుణురాలు: నడుస్తుంది! 20కి పెట్టి వదిలేసిన గదికి ఆ చల్లదనం అందకపోతే డ్యాంపర్ 100 శాతం తెరుచుకునే ఉంటుంది. జోన్ల డిమాండ్‌ను బట్టి నడిచే ఏహెచ్‌యూ అయితే, అది చూసి ఫ్యాన్ వేగం తగ్గించదు, ఇంకా చల్లటి గాలి పంపుతుంది. రాత్రి వరుసల్లో డ్యాంపర్ కాలమ్‌ను ఎక్కువ నుంచి తక్కువకు సర్దండి. మీరు వెతికే గది పైనే ఉంటుంది.

కాలర్: దాన్ని 28కి మార్చేస్తే అయిపోతుందా?

నిపుణురాలు: కారణం తేల్చకపోతే మళ్లీ మొదటికే వస్తుంది. గడువు లేని ఓవర్‌రైడ్, అంటే గోడ మీద నొక్కి చేసిన మార్పు, అయితే 2 గంటలకు రద్దయ్యేలా పెట్టండి. సెన్సార్ పక్క జోన్‌కు కలిసిపోయిందేమో చూడాలి: ఒకరు గదిలో నడుస్తుంటే స్క్రీన్ మీద ఏ జోన్ మారుతుందో మీరు చూడండి. కరెంటు పోయి వచ్చాక కంట్రోలర్ గడియారం తప్పిందేమో కూడా.

కాలర్: రాత్రి పూర్తిగా ఆపేస్తే?

నిపుణురాలు: తేమ ఎక్కువున్న చోట వద్దండీ, బూజు పడుతుంది. తేమ 65 శాతం దాటితే మళ్లీ ఆన్ అయ్యేలా పెట్టుకుని, అప్పుడు ఆపండి.