ఎలక్ట్రిక్ గిటార్‌కి ఏ తీగలు? 9 వెయ్యాలా, 10 వెయ్యాలా?

(తెర మీద: బల్ల మీద రెండు తీగల ప్యాకెట్లు. ఒకదాని మీద 9-42, ఇంకోదాని మీద 10-46.)

నమస్కారమండి. కాకినాడలో అయినా, రాజమండ్రిలో అయినా, భీమవరంలో అయినా మ్యూజిక్ షాపుకెళ్లి ఎలక్ట్రిక్ గిటార్ తీగలు కావాలంటే ముందు తేలాల్సింది ఒకటే: నైన్నా, టెన్నా? చాలామంది అక్కడే ఆగిపోతారు. ఫ్రెండ్ ఏది వాడుతుంటే అదే తెచ్చేసుకుంటారు. ఫ్రెండ్ గిటార్ వేరు, మీ గిటార్ వేరు. ఆయన శ్రుతి వేరు, మీ శ్రుతి వేరు. అందుకని ముందు ఈ అంకెల లోపల ఏముందో చూద్దాం.

(క్లోజప్: ప్యాకెట్ వెనక అంకెలు. 10, 13, 17, 26, 36, 46.)

ఇవి ఆరు తీగల మందాలు. కొలత అంగుళంలో వెయ్యో వంతు. 10 అంటే దాదాపు పావు మిల్లీమీటరు. ఇదే గేజ్. షాపులో ‘టెన్ సెట్’ అంటే మొదటి తీగ 10 ఉన్న సెట్ అని. నైన్ సెట్‌లో 9, 11, 16, 24, 32, 42 ఉంటాయి.

వెయ్యో వంతు అంగుళం తేడాకి ఏమవుతుందిలే అనిపిస్తుంది. చాలా అవుతుందండి.

(తెర మీద: 10×10 = 100. దాని కింద 9×9 = 81.)

తీగ బరువు దాని మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒకే గిటార్ మీద ఒకే శ్రుతికి బిగిస్తే టెన్షన్ కూడా అదే లెక్కన పెరుగుతుంది. 10 తీగ టెన్షన్ 100 అనుకుంటే 9 తీగది 81. ఐదో వంతు తగ్గిపోయింది! ఆరు తీగలూ కలిపి చూస్తే, పెద్ద స్కేల్, అంటే తీగ పొడవు ఎక్కువున్న గిటార్ మీద టెన్ సెట్ మెడని సుమారు 47 కేజీల బలంతో లాగుతుంది, నైన్ సెట్ సుమారు 38 కేజీలతో. బెండ్ కొట్టేటప్పుడు, అంటే తీగని పక్కకి లాగి స్వరం పెంచేటప్పుడు, మీ వేలికి తెలిసేది ఆ తేడానే.

ఇక్కడితో అయిపోలేదు. స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్‌లో మెడ చివర తీగలు ఆనే నట్ నుంచి, కింద అవి ఆనే బ్రిడ్జ్ దాకా తీగ పొడవు 25.5 అంగుళాలు. లెస్ పాల్ తరహాలో 24.75. పొడవు తగ్గితే అదే శ్రుతికి తక్కువ టెన్షన్ చాలు. స్ట్రాట్ మీద 100 ఉన్న టెన్ తీగ లెస్ పాల్ మీద 94 అవుతుంది. ఇక పాడేవాళ్ల గొంతు కోసం గిటార్ మొత్తం హాఫ్ స్టెప్, అంటే ఒక ఫ్రెట్ అంత శ్రుతి దించారనుకోండి, స్ట్రాట్ మీదే 100 కాస్తా 89కి వస్తుంది. మన చర్చి టీముల్లోనూ, ఆర్కెస్ట్రాల్లోనూ ఇలా దించుకోవడం మామూలే.

(తెర మీద: 81 × 0.94 × 0.89 = సుమారు 68.)

ఇప్పుడు ఈ మూడూ కలపండి. లెస్ పాల్ తరహా గిటార్, దాని మీద నైన్ సెట్, పైగా హాఫ్ స్టెప్ కింద. 68కి పడిపోయింది. తీగ వదులై మెడ మీది లోహపు గీతలకి, అంటే ఫ్రెట్లకి తగిలి జరజరమంటుంది, గట్టిగా మీటితే శ్రుతి పైకి పోతుంది. ‘నా గిటార్ బాగోలేదు’ అని బాధపడే చాలామంది గిటార్‌లో ఏ లోపమూ ఉండదు. తీగ తప్పు, అంతే.

మరి ఎంత సన్నం, ఎంత లావు? ఈ మాట వచ్చినప్పుడు మన పాలకొల్లుని తలుచుకోవాలి. మాండలిన్ శ్రీనివాస్ గారు 1969లో అక్కడే పుట్టారు. మామూలు మాండలిన్‌కి జంటలు జంటలుగా ఎనిమిది తీగలు. రెండు తీగల్ని ఒకేసారి, ఒకే కొలతగా పక్కకి లాగి గమకం పలికించడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆయన జంటల్ని తీసేసి ఒంటి తీగలు పెట్టారు, కింది స్థాయి కోసం ఐదో తీగ చేర్చారు, తీగ కదలికని కరెంటు సంకేతంగా మార్చే ఎలక్ట్రిక్ పికప్‌తో వాయించారు. పాశ్చాత్య వాద్యం మీద కర్ణాటక సంగీతం అంత నిండుగా పలికిందంటే ఆయన చెయ్యి గొప్పదే, కాదనను. కానీ ఆ చేతికి పని చెయ్యడానికి తీగల దగ్గర దారి చేసుకున్నారు చూడండి, అది మనం నేర్చుకోవాల్సింది.

మన పాటలు చాలావరకు రాగం మీద నడుస్తాయి. కీర్తన అయినా, సినిమా పాట అయినా లీడ్ వాయించేవాళ్లు స్వరం నుంచి స్వరానికి జారాలి, ఊగాలి. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: స్ట్రాట్ తరహా గిటార్, మామూలు శ్రుతి, లీడ్ ఎక్కువ అంటే నైన్ వెయ్యండి. అదే గిటార్ హాఫ్ స్టెప్ దించి వాయిస్తే టెన్. లెస్ పాల్ తరహాకి మామూలు శ్రుతిలో టెన్. రిథమ్ గట్టిగా కొట్టేవాళ్లు, ఇంకా కిందికి దించేవాళ్లు అయితే 11 దాకా వెళ్లొచ్చు.

లావు తీగ వేస్తేనే సౌండ్ లావుగా వస్తుందని కొందరు పట్టుబడతారు. బ్లాక్ సబ్బత్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీ సంగతి తీసుకోండి. 1965లో ఫ్యాక్టరీ ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. ఆయన ఎడమచేతి వాటం, కాబట్టి ఫ్రెట్ల మీద నొక్కాల్సింది ఆ చెయ్యే. నొప్పి లేకుండా వాయించడానికి సన్నని తీగలు వేసుకున్నారు, తర్వాత శ్రుతి కూడా దించారు. హెవీ మెటల్ గిటార్ సౌండ్‌కి దారి వేసినవాళ్లలో ఆయనే ముందుంటారు.

(క్లోజప్: పాత మూడో తీగ, ఫ్రెట్ల దగ్గర గోధుమరంగు మచ్చలు. వేలు దాని మీద జరుగుతుంటే గరగర శబ్దం.)

ఇప్పుడు మన గాలి సంగతి. ఇది చూశారా? ఇది తుప్పు. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఉప్పుగాలి. కోనసీమ లోపలికొస్తే చుట్టూ కాలవలు, చేలు, చెరువులు, తేమ. దీనికి తోడు ఉక్కపోతలో మన చేతి చెమట. మొదటి మూడూ ఒట్టి ఉక్కు తీగలు, కింది మూడింటిలా పైన ఇంకో సన్న తీగ చుట్టి ఉండదు. తుప్పు ముందు వాటికే పడుతుంది.

కాబట్టి డెల్టాలో ఉండేవాళ్లకి కోటెడ్, అంటే పైన సన్నని రక్షణ పూత ఉన్న తీగలు దండగ ఖర్చు కావు. ధర ఎక్కువే, కానీ మామూలు వాటికంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తాయి. కొనేముందు ప్యాకెట్ చదవండి, కొన్నిటిలో పూత చుట్టు తీగలకే ఉంటుంది. అంత పెట్టలేకపోతే వాయించిన ప్రతిసారీ పొడి నూలు గుడ్డతో తీగల్ని పైనా కిందా తుడవండి. కింది భాగం ఎవరూ తుడవరు, మచ్చలు అక్కడే మొదలవుతాయి. విడి తీగల్ని బిగుతు మూత డబ్బాలో, సిలికా జెల్ పొట్లంతో పాటు ఉంచండి.

చుట్టు లోహం గురించి రెండు మాటలు. నికెల్ పూత ఉక్కు అందరికీ సరిపోతుంది. ప్యూర్ నికెల్ మెత్తగా, పాతకాలం తీరుగా పలుకుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ తుప్పుకి బాగా తట్టుకుంటుంది, సౌండ్ పదునుగా ఉంటుంది, కానీ ఫ్రెట్లని త్వరగా అరగదీస్తుంది. బ్రాంజ్ మాత్రం వద్దు, అవి అకూస్టిక్ తీగలు. పికప్ అయస్కాంతంతో పనిచేస్తుంది, బ్రాంజ్ చుట్టు దానికి అందదు, లోపలి ఉక్కు ఒక్కటే అందుతుంది. దాంతో కింది తీగలు నీరసంగా పలుకుతాయి.

గేజ్ మార్చాక మెడ వంపు, తీగల ఎత్తు ఒకసారి చూపించుకోండి. స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జ్ అయితే స్ప్రింగులు కూడా సర్దాలి, లేకపోతే లావు తీగలకి బ్రిడ్జ్ పైకి లేచిపోతుంది.

(క్లోజప్: పన్నెండో ఫ్రెట్. ముందు హార్మోనిక్, తర్వాత అదే తీగ నొక్కి.)

తీగని నొక్కకుండా ఫ్రెట్ మీద వేలు తాకించి మీటితే వచ్చేది హార్మోనిక్. అదీ, నొక్కి మీటిన స్వరమూ ఒకటే పలకాలి. నొక్కినది పైకి పలికితే బ్రిడ్జ్ దగ్గర ఆ తీగ ఆనే చిన్న ముక్క, అంటే శాడిల్‌ని కాస్త వెనక్కి జరపండి, మళ్లీ శ్రుతి చేసి చూడండి.

తీర్థాల సీజన్‌లో స్టేజి మీద వాయించేవాళ్లకి ఇంకొక్క మాట. తరచూ తెగేది మొదటి తీగే. విడిగా అమ్మే షాపులో మీ గేజ్ మొదటి తీగలు రెండు ఎక్కువ తీసుకోండి, కటింగ్ ప్లయర్‌తో పాటు బ్యాగ్ ముందు జేబులో పెట్టుకోండి.